రెండు స్పైకుల నడుమ ఏం జరుగుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మెదడులో కొన్ని నాడీకణాలు బయటి సంకేతం ఏదీ అందకపోయినా క్రమం తప్పకుండా విద్యుత్ స్పైకులు (క్షణంలో ఎగసి పడే వోల్టేజి పొంగులు) కొడుతుంటాయి. కణత్వచంలోని అయాన్ చానెళ్ల గుండా పారే కరెంట్లే వాటిని నడిపిస్తాయి. ఈ విషయం మీద అందిన ప్రశ్నల్లో ఏడింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: న్యూరాన్ −70 మిల్లీవోల్టుల దగ్గర విశ్రాంతిగా ఉంటుందనీ, పక్క కణం నుంచి సంకేతం వస్తేనే స్పైకు కొడుతుందనీ చదువుకున్నాం. మరి ఎవరూ కదిలించకుండానే కొట్టే కణాలను కదిలించేది ఏమిటి?
– బీఎస్సీ విద్యార్థిని

అలాంటి కణాలకు నిలకడైన విశ్రాంతి స్థాయి అంటూ ఒకటి ఉండదు. పొటాషియం ఒక్కటే పారగలిగితే కణం వోల్టేజి −90 దగ్గర ఆగుతుంది. సోడియం ఒక్కటే అయితే +60 దగ్గర ఆగుతుంది. రెండిటికీ దారులు తెరిచి ఉన్నప్పుడు ఏ దారి వెడల్పైతే వోల్టేజి అటు మొగ్గుతుంది. మామూలు కణంలో పొటాషియం దారి పెద్దది. అందుకే −70 దగ్గర లోపలికొచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటు సరిసమానమై వోల్టేజి నిలిచిపోతుంది. లయబద్ధంగా కొట్టే కణంలో −70కీ −45కీ మధ్య ఎక్కడా ఆ సమానం కుదరదు. ప్రతి చోటా లోపలికొచ్చేదే రవ్వంత ఎక్కువ. దాంతో వోల్టేజి మెల్లగా ఎగబాకి స్పైకు పడుతుంది, దిగుతుంది, మళ్లీ ఎగబాకడం మొదలుపెడుతుంది.

ఆ 'రవ్వంత' ఎంతో లెక్క వేసి చూడండి. నడిమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా డోపమిన్ కణాలు సెకనుకు సుమారు 2 నుంచి 4 సార్లు కొడతాయి. కణం కెపాసిటెన్స్ (త్వచం ఆవేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యం) 50 పికోఫారడ్లు అనుకుందాం. స్పైకు తర్వాత 20 మిల్లీవోల్టులు ఎక్కడానికి పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. 50ని 20తో హెచ్చించి 250తో భాగిస్తే 4 పికో ఆంపియర్లు. తెరుచుకున్న ఒక్క సోడియం చానెల్ గుండా పోయేదే 1 నుంచి 2 పికో ఆంపియర్లు! అదే కణంలో స్పైకు ఎక్కేటప్పుడు వోల్టేజి సెకనుకు 100 వోల్టుల వేగంతో పెరిగితే ఆ క్షణంలో పారే నికర కరెంటు 5 నానో ఆంపియర్లు. దీనికంటే వెయ్యి రెట్లకు పైమాటే.

కాబట్టి లయను అర్థం చేసుకోవాలంటే స్పైకు మీద కాక, రెండు స్పైకుల నడుమ ఉన్న విరామం మీద చూపు నిలపాలి. కణం ఎంత వేగంగా కొట్టాలో, ఎంత క్రమంగా కొట్టాలో అక్కడే తేలిపోతుంది. లయ కణంలోనే పుడుతుందనడానికి రుజువూ ఉంది. డోపమిన్ కణాలను, చిన్నమెదడులోని పర్కింజి కణాలను ఎంజైముతో విడదీసి ఒంటరిగా ద్రావణంలో ఉంచినా అవి కొడుతూనే ఉంటాయి.

ప్రశ్న: గుండెలో ఉన్నట్టే మెదడు కణాల్లో కూడా హెచ్‌సీఎన్ అనే పేస్‌మేకర్ చానెల్ ఉందంటారు. మెదడు లయకూ అదేనా మూలం?
– ఎంబీబీఎస్ విద్యార్థి

కొన్ని కణాల్లో దానికి పెద్ద పాత్ర ఉంది, కొన్నిటిలో అంతగా లేదు. అన్ని నాడీకణాలకూ ఒకే చానెల్‌ను మూలంగా చూపడం తప్పుదారి పట్టిస్తుంది. ఒక్కో రకం కణం ఆ నాలుగు పికో ఆంపియర్లను ఒక్కో చోటి నుంచి సమకూర్చుకుంటుంది.

హెచ్‌సీఎన్ నడత మిగతా వాటికి తలకిందులు. చాలా చానెళ్లు వోల్టేజి పెరిగితే తెరుచుకుంటాయి, ఇది −60 కంటే కిందికి దిగితే తెరుచుకుంటుంది. సోడియం, పొటాషియం రెండిటినీ వదులుతుంది. దాని సమతుల్య వోల్టేజి −20, −40ల మధ్య ఉంటుంది కాబట్టి తెరుచుకున్నప్పుడు కణాన్ని పైకే లాగుతుంది. కణం మరీ కిందికి జారిపోకుండా పట్టి ఆపడం దాని ముఖ్యమైన పని. కణం లోపలి సంకేత అణువు సైక్లిక్ ఏఎంపీ అంటుకుంటే మరింత తేలిగ్గా తెరుచుకుంటుంది. మెదడులోని రసాయన సంకేతాలు లయను పెంచే దారుల్లో ఇదొకటి.

పర్కింజి కణాన్ని చూడండి. అది తనంతట తాను సెకనుకు పదుల సార్లు కొడుతుంది. హెచ్‌సీఎన్‌ను సీజియంతో మూసినా ఆ లయ ఆగదు. అక్కడ భారం మోసేది సోడియం చానెళ్లే. స్పైకు తర్వాత మూతపడిపోకుండా మిగిలే కాస్త 'పర్సిస్టెంట్' సోడియం కరెంటు −65 దగ్గరి నుంచే పారుతుంది. పరిమాణంలో అది స్పైకు కరెంటులో ఒక శాతం అటూ ఇటూ. అయినా పికో ఆంపియర్లే చాలిన చోట ఒక శాతం అంటే చాలా ఎక్కువ.

వీటిలో ఇంకో విశేషాన్ని 1997లో నాడీ శాస్త్రవేత్తలు ఇందిరా రామన్, బ్రూస్ బీన్ చూపించారు. వోల్టేజి పైన ఉన్నప్పుడు తెరిచిన సోడియం చానెల్ రంధ్రంలోకి ఒక అడ్డు దూరుతుంది. మామూలు ఇనాక్టివేషన్ గేటు మూసుకునేలోపే ఇది దూరడం ఇక్కడ కీలకం. స్పైకు దిగేటప్పుడు ఆ అడ్డు బయటికొస్తుంది. అది బయటికొచ్చే ఆ కాస్త సేపూ చానెల్ తెరిచే ఉండి సోడియం మళ్లీ లోపలికి పారుతుంది. దీన్ని 'రిసర్జెంట్' కరెంటు అంటారు. దీనివల్ల రెండు లాభాలు: కణానికి పైకి ఎక్కే తోపుడు దొరుకుతుంది, చానెల్ కూడా తర్వాతి స్పైకుకు త్వరగా సిద్ధమవుతుంది.

డోపమిన్ కణాల కథ వేరు. అక్కడ తక్కువ వోల్టేజిలోనే తెరుచుకునే ఎల్-రకం కాల్షియం చానెళ్లు, ఎప్పుడూ కాస్త తెరిచి ఉండే సోడియం లీకు దారులు కలిసి పనిచేస్తాయి. సోడియం చానెళ్లను మూసే విషం టెట్రోడోటాక్సిన్‌తో సోడియం స్పైకులను ఆపేసినా కణం వోల్టేజి చాలాసార్లు అలలా లేస్తూ పడుతూనే ఉంటుంది. కాల్షియం దారి మూస్తే లయ కొన్ని ప్రయోగాల్లో ఆగింది, కొన్నిటిలో ఆగలేదు. ఒకటి తగ్గితే మరొకటి పూడ్చేలా ఈ కణాల అమరిక ఉంది.

లీకును తేలిగ్గా తీసుకోవద్దు. నాల్‌సీఎన్ అనే లీకు చానెల్ లేకుండా పుట్టిన ఎలుక పిల్లలు శ్వాస లయ చెడి ఒక్క రోజులోపే చనిపోయాయని 2007లో వెల్లడైంది.

ప్రశ్న: పొటాషియం బయటికి పోతే కణం శాంతిస్తుంది. లయ కొనసాగడానికి శాంతింపజేసే కరెంటు ఎలా సాయపడుతుంది?
– జీవశాస్త్ర అధ్యాపకుడు

సోడియం చానెల్ ఒకసారి తెరుచుకుని మూతపడ్డాక, వోల్టేజి కిందికి దిగితే తప్ప మళ్లీ పనికి రాదు. దించే పని పొటాషియానిది. దించేవాళ్లు లేకపోతే వోల్టేజి −40 దగ్గర ఇరుక్కుపోతుంది, సోడియం చానెళ్లన్నీ మూతపడే ఉంటాయి, కణం మూగబోతుంది. దీన్ని డీపోలరైజేషన్ బ్లాక్ అంటారు. కణానికి ఉత్తేజం చాలక స్పైకులు ఆగడం వేరు, ఎక్కువై ఆగడం వేరు. రికార్డింగులో స్పైకులు లేవు అనుకునే ముందు వోల్టేజి ఎక్కడుందో చూసుకోవాలి.

పొటాషియం చానెళ్లలో ఒక్కోదానికి ఒక్కో వేళ. కేవీ3 రకం స్పైకు శిఖరం దగ్గరే తెరుచుకుని, దిగగానే మూసుకుంటుంది. తర్వాతి ఎక్కుడుకు అడ్డుపడదు కాబట్టి వేగంగా కొట్టే ఇంటర్‌న్యూరాన్లు సెకనుకు 200 స్పైకులు దాటగలుగుతున్నాయి. కేవీ4 చానెళ్ల ఏ-రకం కరెంటుది ఇంకో తీరు. స్పైకు తర్వాతి లోతైన దిగుడులో అది మళ్లీ సిద్ధమవుతుంది, వోల్టేజి ఎక్కుతుంటే పారి వెనక్కి లాగుతుంది, తర్వాత తానే మూతపడి దారి ఇస్తుంది. నిదానంగా కొట్టే కణాల్లో విరామాన్ని సాగదీసేది ఇదే.

ఎస్‌కే చానెల్‌ను తెరిచేది వోల్టేజి కాదు, లోపలికొచ్చిన కాల్షియం. ప్రతి స్పైకూ కాల్షియాన్ని తెస్తుంది, అది ఎస్‌కేని తెరుస్తుంది, వోల్టేజి ప్రతిసారీ ఇంచుమించు ఒకే లోతుకు దిగుతుంది. ప్రతి విరామమూ ఒకే మెట్టు నుంచి మొదలవుతుంది కాబట్టి వాటి నిడివీ సమానంగా ఉంటుంది. తేనెటీగ విషంలోని అపమిన్‌తో ఎస్‌కేని మూస్తే డోపమిన్ కణాల కొట్టుడు క్రమం తప్పుతుంది. పర్కింజి కణంలోనైతే కాల్షియం తెచ్చే ధనావేశం కంటే, అది తెరిపించే పొటాషియం కరెంటే పెద్దది. కాల్షియం లోపలికొస్తున్నా మొత్తం మీద కణం శాంతిస్తుంది. కాల్షియం అనగానే ఉత్తేజం అనుకునేవారు ఇక్కడ పొరబడతారు.

ప్రశ్న: ఒక్క స్పైకుకు కొద్దిపాటి అయాన్లే కదులుతాయంటారు. రాత్రింబవళ్లు కొట్టే కణంలో నిల్వలు కరిగిపోవా?
– పాఠకురాలు

పంపు ఆగితే కరిగిపోతాయి, అదీ మనం అనుకున్నదానికంటే త్వరగా. 20 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న గోళాకార కణాన్ని తీసుకోండి. దాని కెపాసిటెన్స్ సుమారు 13 పికోఫారడ్లు. దాన్ని 100 మిల్లీవోల్టులు ఎక్కించాలంటే కనీసం 80 లక్షల సోడియం అయాన్లు లోపలికి రావాలి. లీటరుకు 12 మిల్లీమోళ్ల చొప్పున లోపల ముందే ఉన్న సోడియం అయాన్లు మూడు వేల కోట్లు. అంటే ఒక స్పైకుతో పెరిగేది నాలుగు వేలలో ఒక వంతు. సెకనుకు 50 స్పైకులైతే లోపలి సోడియం రెట్టింపు కావడానికి నిమిషం పైచిలుకు చాలు. ఇదీ కనీసపు లెక్కే. సోడియం వచ్చేటప్పుడే పొటాషియం పోతుంటే ఇంకా ఎక్కువ సోడియం కావాలి.

అందుకే సోడియం–పొటాషియం పంపు ఆగకుండా నడవాలి. కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒకటి ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి నెడుతుంది. లెక్కకు ఒక ధనావేశం బయటికి పోతుంది కనుక పంపు కూడా ఒక కరెంటే. పై కణంలో సెకనుకు 50 స్పైకుల దగ్గర అది సగటున 20 పికో ఆంపియర్లు దాటుతుంది. మొదటి జవాబులోని నాలుగు పికో ఆంపియర్లను గుర్తు చేసుకుంటే, ఇది పక్కన పెట్టగలిగిన అంకె కాదు. జోరుగా కొట్టిన తర్వాత కొన్ని కణాలు కొన్ని సెకన్లపాటు మెత్తబడటానికి పంపు కరెంటు ఒక కారణం.

ప్రశ్న: మెదడు స్లైసులో పర్కింజి కణం సెల్-అటాచ్డ్ పద్ధతిలో చక్కగా కొడుతోంది. హోల్-సెల్‌కు వెళ్లిన పది నిమిషాలకు లయ చెదిరి, ఒక్కోసారి ఆగిపోతోంది. కణం చచ్చిపోతోందా?
– పరిశోధక విద్యార్థి

సన్నటి గాజు పిపెట్ మొనను కణత్వచానికి అంటించి కొలవడం సెల్-అటాచ్డ్, ఆ మొన కింది త్వచాన్ని చింపి కణం లోపలి నుంచి కొలవడం హోల్-సెల్. పిపెట్‌కూ త్వచానికీ మధ్య ఉన్న అతుకే సీలు. ముందు అనుమానించాల్సింది సీలు లీకును. సీలు రెసిస్టెన్స్ 1 గిగా ఓమ్ ఉంటే −60 దగ్గర 60 పికో ఆంపియర్లు కణంలోకి కారుతుంటాయి. సెల్-అటాచ్డ్‌లో ఆ కారేది కణం లోపలికి నేరుగా చేరదు, త్వచం చింపాక చేరుతుంది. 5 గిగా ఓమ్‌ల సీలైతే 12 పికో ఆంపియర్లకు తగ్గుతుంది. చింపే ముందు సీలు విలువ రాసిపెట్టుకోండి, 3 గిగా ఓమ్‌ల కంటే తక్కువైతే లయ కొలతకు ఆ కణాన్ని వాడకండి. లయ చెదిరాక కణానికి −20 పికో ఆంపియర్లు ఇచ్చి చూడండి. స్పైకులు తిరిగొస్తే కణం బతికే ఉంది, ఎక్కువ ఉత్తేజంతో మూగబోయింది.

రెండోది లోపలి ద్రవం కొట్టుకుపోవడం. పిపెట్‌లోని ద్రావణం కొన్ని నిమిషాల్లో కణం లోపలి ద్రవాన్ని మార్చేస్తుంది. కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ 10 మిల్లీమోలార్ వేసిన పాత రెసిపీ వాడుతుంటే కాల్షియం మీద నడిచే పొటాషియం కరెంట్లు బలహీనపడతాయి. బాప్టా ఇంకా వేగంగా పట్టేస్తుంది కాబట్టి ఇంకా హాని. ఈజీటీఏ 0.2 నుంచి 0.5 మిల్లీమోలార్‌కు తగ్గించండి. మెగ్నీషియం ఏటీపీ 4, సోడియం జీటీపీ 0.3 మిల్లీమోలార్ తప్పనిసరి. పిపెట్‌ను ఐసు మీద ఉంచిన ద్రావణంతో నింపండి, ఏటీపీ గది వేడికి పాడవుతుంది. పొటాషియం గ్లూకోనేట్ ద్రావణంలో జంక్షన్ పొటెన్షియల్ (రెండు ద్రావణాలు కలిసే చోట పుట్టే వోల్టేజి) 10 నుంచి 15 మిల్లీవోల్టులు ఉంటుంది, దాన్ని సవరించకుండా 'కణం −50 దగ్గరుంది' అని రాయకండి. అది నిజానికి −65 దగ్గర ఉండొచ్చు.

మూడోది బయటి ద్రావణం. మిల్లీమోలార్లలో సోడియం క్లోరైడ్ 125, పొటాషియం క్లోరైడ్ 2.5, సోడియం బైకార్బొనేట్ 25, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.25, గ్లూకోజ్ 25, మెగ్నీషియం క్లోరైడ్ 1, కాల్షియం క్లోరైడ్ 2. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువును కనీసం పావుగంట పంపి, పీహెచ్ 7.4కు చేరాకే కాల్షియం చివరగా కలపాలి. ముందే కలిపితే ద్రావణం తెల్లగా విరిగి, కాల్షియం గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. అప్పుడు మీ ద్రావణంలో ఎంత కాల్షియం మిగిలిందో మీకే తెలియదు. ఉష్ణోగ్రత 32 నుంచి 34 డిగ్రీల మధ్య స్థిరంగా ఉంచండి. గేట్ల వేగం 10 డిగ్రీలకు దాదాపు మూడు రెట్లు మారుతుంది కనుక రెండు డిగ్రీల ఊగిసలాట లయలోనూ కనిపిస్తుంది.

లయ ఒక్కటే మీకు కావాల్సిందైతే మా సలహా: హోల్-సెల్ మానేసి సెల్-అటాచ్డ్‌లోనే ఉండండి. వోల్టేజి క్లాంపులో (వోల్టేజిని ఒకే విలువ దగ్గర పట్టి ఉంచే పద్ధతిలో) ఉన్నప్పుడు ఆంప్లిఫయర్ నుంచి పోయే నిలకడ కరెంటు సున్నా అయ్యేలా వోల్టేజి సరిచేయండి, లేకపోతే మీ పిపెట్టే కణాన్ని తోస్తుంటుంది. లోపలి వోల్టేజి కూడా కావాలంటే ఆంఫోటెరిసిన్ బీతో పెర్ఫరేటెడ్ ప్యాచ్ (త్వచాన్ని చింపకుండా దానికి సన్నటి రంధ్రాలు చేయడం) చేయండి. యాక్సెస్ రెసిస్టెన్స్ (పిపెట్ నుంచి కణం లోపలికి ఉన్న దారి నిరోధం) ఒక్కసారిగా పడిపోతే త్వచం చిరిగిందని అర్థం, ఆ తర్వాతి కొలతలు లెక్కలోకి రావు. పక్క కణాల ప్రభావం తీసేయడానికి డీఎన్‌క్యూఎక్స్ 10, ఏపీ5 50, పిక్రోటాక్సిన్ 100 మైక్రోమోలార్ కలపండి. క్రమం ఎంతుందో చెప్పడానికి విరామాల ప్రామాణిక విచలనాన్ని వాటి సగటుతో భాగించండి. చక్కటి లయ ఉన్న కణంలో అది 0.2 లోపే ఉంటుంది. ఏ పొంతనా లేకుండా పడే స్పైకులకు 1 దగ్గరికొస్తుంది.

ప్రశ్న: హాడ్జ్‌కిన్–హక్స్‌లీ సమీకరణాలను (నాడీ స్పైకును లెక్కగట్టేవి) పైథాన్‌లో రాశాను. ఒక్కోసారి అంకెల బదులు 'నాన్' (అంకె కాదు అనే సందేశం) వస్తోంది. వచ్చినప్పుడు కూడా సెకనుకు 3 స్పైకుల నెమ్మది లయ ఎంత ప్రయత్నించినా రావడం లేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థి

మొదటిది చిన్న తప్పు. సోడియం ఎం గేటు తెరుచుకునే రేటులో వోల్టేజి సరిగ్గా −40 అయినప్పుడు సున్నాను సున్నాతో భాగించాల్సి వస్తుంది. పొటాషియం ఎన్ గేటుకు −55 దగ్గర ఇదే బెడద. ఆ రెండు చోట్లా రేటు విలువలు వరుసగా 1, 0.1 అని నేరుగా రాయండి. ఆయిలర్ పద్ధతి వాడుతుంటే అంచె 0.01 మిల్లీసెకను మించనీయకండి. వాహకతలు చదరపు సెంటీమీటరుకు సోడియం 120, పొటాషియం 36, లీకు 0.3 మిల్లీ సీమెన్స్. సమతుల్య వోల్టేజులు +50, −77, −54.4, కెపాసిటెన్స్ 1 మైక్రోఫారడ్.

రెండోది మీ తప్పు కాదు. 1952 నాటి ఆ సమీకరణాలు స్క్విడ్ జీవి ఆక్సాన్‌ను వర్ణిస్తాయి, దానంతట అది కొట్టే కణాన్ని కాదు. బయటి నుంచి ఇచ్చే కరెంటు చదరపు సెంటీమీటరుకు 6 మైక్రో ఆంపియర్లు దాటే దాకా లయ నిలవదు. దాటగానే ఒకేసారి సెకనుకు 50 స్పైకుల దగ్గర మొదలవుతుంది, 10 ఇస్తే 70 దాకా వస్తుంది. ఎక్కువ చేస్తూ పోతే 150 దగ్గర స్పైకులు కుదించుకుపోయి ఆగిపోతాయి. పైన చెప్పిన డీపోలరైజేషన్ బ్లాక్ అదే. సున్నా నుంచి నెమ్మదిగా పెరిగే లయ కావాలంటే ఏ-రకం పొటాషియం కరెంటును చేర్చాలి. 1971లో కానర్, స్టీవెన్స్ నత్త జాతి జీవుల నాడీకణాల్లో ఈ పని చేసి చూపారు. బయటి కరెంటు లేకుండా దానంతట అదే కొట్టాలంటే కాస్త పర్సిస్టెంట్ సోడియమో, సోడియం లీకో కూడా కావాలి. ఒకటి గమనించండి: మూల రేట్లు 6.3 డిగ్రీలవి. ఉష్ణోగ్రత సవరణలో నేరుగా 37 వేస్తే రేట్లు 29 రెట్లు పెరిగి స్పైకే రూపు కోల్పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఆబ్సెన్స్ మూర్ఛ ఉందని ఇథోసక్సిమైడ్ రాశారు. ఇది మెదడు లయ మీద పనిచేస్తుందన్నారు. ఎలా?
– ఒక తల్లి

అమ్మా, మెదడు మధ్యలోని థాలమస్ కణాలు రెండు తీరుల్లో కొడతాయి. వోల్టేజి −55 దగ్గర ఉంటే ఒక్కో స్పైకు విడివిడిగా పడుతుంది. −70 కంటే కిందికి దిగి కనీసం పదో వంతు సెకను అక్కడే ఉంటే, మూతపడి ఉన్న టీ-రకం కాల్షియం చానెళ్లు మళ్లీ సిద్ధమవుతాయి. ఆ లోతులో హెచ్‌సీఎన్ తెరుచుకుని కణాన్ని పైకి లాగుతుంది, టీ చానెళ్లు ఒక్కుమ్మడిగా తెరుచుకుంటాయి, ఆ కాల్షియం అల మీద స్పైకులు గుంపుగా పడతాయి. తర్వాత టీ చానెళ్లు మూతపడి వోల్టేజి మళ్లీ లోతుకు జారుతుంది, ఇంకో వలయం మొదలవుతుంది. నిద్రలో ఇది సహజం. మెలకువలో థాలమస్, మెదడు పైపొర ఒకదాన్నొకటి ఇందులోకి లాక్కుంటే ఈఈజీలో సెకనుకు సుమారు 3 సార్లు స్పైకు–అల జత కనిపిస్తుంది, బాబు ఆ కొన్ని సెకన్లు చూపు నిలిపి పలకకుండా ఉండిపోతాడు. ఇథోసక్సిమైడ్ ప్రధానంగా ఆ టీ-రకం కరెంటును తగ్గిస్తుంది.

మూర్ఛ మందులన్నీ ఒకటే అనుకుని వేరొకరి మందు వాడకండి. సోడియం చానెళ్ల మీద పనిచేసే కార్బమజిపైన్ వేరే రకం మూర్ఛల్లో మంచి మందే కానీ, ఆబ్సెన్స్ మూర్ఛను ఎక్కువ చేయగలదు. మోతాదు మార్చాలన్నా, మానాలన్నా రాసిన డాక్టరునే అడగండి. మందు మొదలుపెట్టాక చూపు నిలిచిపోయే సందర్భాలు రోజుకు ఎన్ని, ఒక్కోటి ఎన్ని సెకన్లు అని ఒక పుస్తకంలో రాసి తీసుకెళ్తే మోతాదు సరిచేయడం వారికి తేలికవుతుంది.